చదవడం నేర్పే సామగ్రి ఎంపికపై తీర్మానం

ఈ స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల సభ్యులు కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుల అధ్యక్షతన సమావేశమై, చర్చించిన పిమ్మట ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

విషయం: పిల్లలకు తెలుగు చదవడం నేర్పేందుకు అదనపు పుస్తకాలు, వర్క్‌బుక్కులు, కార్డులు, చార్టులు ఎంపిక చేయుట గురించి.

సమావేశం గుర్తించిన అంశాలు

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది 2020 జాతీయ విద్యా విధానం పెట్టిన లక్ష్యం. దాని కోసమే 2021లో దేశవ్యాప్తంగా నిపుణ్ భారత్, మన తెలంగాణ రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు కార్యక్రమాలు మొదలయ్యాయి.

పాఠ్యపుస్తకాలను రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ రూపొందిస్తుంది. గ్రంథాలయ నిధులతో కొనేవీ, దాతలు ఇచ్చేవీ, ప్రచురణకర్తలు తెచ్చి చూపేవీ అయిన అదనపు సామగ్రిని ఎంచుకునే బాధ్యత మాత్రం మనదే.

పాఠాన్ని గడగడా అప్పజెప్పే పిల్లలు అవే మాటలు మరో పుస్తకంలో కనిపిస్తే ఆగిపోవడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. అది కంఠస్థం, చదువు కాదు.

ఇంగ్లిష్‌లో నేర్వవలసినవి 26 అక్షరాలు. తెలుగులో వర్ణమాలకు తోడు గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలవుతాయి. మన లిపికి దగ్గరి లిపి ఉన్న కన్నడం చదివే పిల్లలపై పరిశోధకురాలు సొనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలపై పూర్తి పట్టు రావడానికి కొన్నేళ్లు పడుతుందని చూపింది. కర్ణాటకలోని యాదగిరి, మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతాల్లో జరిగిన దీర్ఘకాల అధ్యయనం, అక్షరాలు పూర్తయ్యాకే అర్థం సంగతి చూద్దామనే బోధన చాలదని తేల్చింది.

కావున ఈ సమావేశం ఇలా తీర్మానించింది:

1. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని క్రమపద్ధతిలో, విడమరిచి నేర్పే సామగ్రినే ఎంచుకోవాలి. కొన్ని అక్షరాలు రాగానే వాటితో పదాలు చదివించేలా అది ఉండాలి. ప, ల, క, త, వ వస్తే చాలు, బిడ్డ పలక, తల, కల, వల చదవగలదు.

2. గుణింతాలు వల్లె వేయించి వదిలేసే పుస్తకాలు వద్దు. ప–వ, మ–య వంటి పోలిక గల అక్షరాలకూ, త, న, మ, య, ర, ల వంటి వేరే ఆకారం దాల్చే ఒత్తులకూ పదాల్లో, వాక్యాల్లో మళ్లీ మళ్లీ అభ్యాసం ఉండాలి. ఈ అభ్యాసం రెండో తరగతితో ఆగిపోకూడదు.

3. అక్షరాలు రాని పిల్లలకు కూడా మొదటి రోజు నుంచే ఉపాధ్యాయులు కథలు చదివి వినిపించి, వాటి గురించి మాట్లాడించాలి. ఇందుకు తగిన కథల పుస్తకాలు ప్రతి తరగతి గదిలో పిల్లల చేతికి అందేలా ఉంచాలి.

4. ఇంట్లో గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు మాటల అర్థం ముందు నోటితో, వారి భాష ఆసరాగా తెలియజేయాలి. అందుకు వీలిచ్చే బొమ్మల పుస్తకాలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

5. పరిశోధన ఉందని చెప్పే ప్రతి ప్రచురణకర్తనూ మూడు ప్రశ్నలు అడగాలి: ఏ భాష పిల్లలపై పరీక్షించారు? ఏ తరగతిలో? ఫలితాన్ని కొలిచింది ఎవరు? ఇంగ్లిష్ కోసం తయారైన సామగ్రికి తెలుగు అక్షరాలు అతికించినంత మాత్రాన అది తెలుగు సామగ్రి కాదు. అమ్మేవారి ప్రశంసాపత్రాలు ఆధారం కావు.

6. ఎంపికకు ముగ్గురు ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లులతో ఉపసంఘం ఏర్పాటు చేయాలి. సభ్యులెవరూ ప్రచురణకర్తల నుంచి కానుకలు గానీ కమీషన్లు గానీ స్వీకరించరాదు. దాతలు ఇచ్చే పుస్తకాలకూ ఇవే నియమాలు వర్తిస్తాయి.

7. పెద్ద మొత్తంలో కొనేముందు ఒకటి రెండు పాఠశాలల్లో వాడి చూడాలి. మొదట్లోనూ చివర్లోనూ పిల్లల చేత ఎన్నడూ చూడని చిన్న పేరా చదివించి, అర్థం అడగాలి. వేగం ఒక్కటే కొలత కారాదు. ఈ ఫలితాలను వెనకబడిన పిల్లలకు వారి స్థాయికి తగిన పుస్తకం ఇవ్వడానికే వాడాలి, పిల్లలకు ముద్ర వేయడానికి కాదు.

8. ఫలితాలను ఏటా తల్లిదండ్రుల ముందు చదివి వినిపించాలి. పిల్లలకు ఉపయోగపడని సామగ్రిని, ఎంత ఖర్చు పెట్టి కొన్నదైనా, పక్కన పెట్టాలి.

ఈ తీర్మానం ప్రతులను మండల విద్యాధికారికి, కాంప్లెక్స్‌లోని ప్రతి పాఠశాలకు పంపాలని, వచ్చే కొనుగోలు నుంచే దీన్ని అమలు చేయాలని సమావేశం నిర్ణయించింది.