రాతిలో రాత

అరబ్బీ లిపి చరిత్రను కూఫీతో మొదలుపెట్టి నస్ఖ్, సులుస్ శైలుల మీదుగా చెబుతారు. ఆ పాఠానికి గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల రాళ్లున్నాయి. సరే, అంతదూరం పోకముందు మన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం సంగతేమిటి? స్తూపం ముంగిట నిలిపే ఆయక స్తంభాలపై ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం చెక్కారు. బ్రాహ్మీ అక్షరాల నిలువు గీతలను సాగదీసి, కొసలు వంచిన ఆ చేతివాటం ఏ అరబ్బీ లిపికారుడికీ తీసిపోదు. పైగా స్తంభాల దాత రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి, కుటుంబంతో సహా! జేమ్స్ బర్జెస్ 1887లోనే ఈ శాసనాలను గ్రంథంలో అచ్చువేశారు. నందిగామ, జగ్గయ్యపేట బడుల గోడలకు మాత్రం వాటి నకళ్లు ఇంకా ఎక్కాలి. తెలుగు, ఉర్దూ మాస్టర్లు ఒకే తరగతిలో రెండు లిపుల చరిత్రా చెప్పేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి.