రాత్రంతా ఆడితే రోగాలొస్తాయా?

డొంకరాయి నుంచి ఒక పాఠకుడు పెద్ద వుత్తరం రాశారు. ఆయన విద్యుత్ కేంద్రం కాలనీలో వుంటారట. చుట్టుపక్కల గూడేల్లో పండగలకీ పెళ్ళిళ్ళకీ తెల్లవార్లూ ధింసా ఆడతారు. కాళ్ళకి చెప్పులుండవు. ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు వేసి పట్టుకుంటారు. మధ్యలో జీలుగు కల్లు తిరుగుతుంది. ఈమధ్య పట్నం నుంచి డీజే పెట్టెలు కూడా దిగుతున్నాయి. "డాక్టరుగారూ, ఇదంతా ఆరోగ్య సూత్రాలకు విరుద్ధం కాదా? ఆపించమని అర్జీ పెట్టమంటారా?" అని అడిగారు.

అర్జీ పెట్టకండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అయితే మీ భయాల్లో కొన్ని వుత్తివి, కొన్ని నిజమైనవి. మీరు రాయనివి ఇంకా పెద్దవి వున్నాయి.

డొంకరాయి ఎక్కడుందో తెలియని పాఠకుల కోసం ఒక మాట. సీలేరు నది మీద ఆనకట్ట, 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వున్న చిన్న వూరు అది. పైకి వెడితే సీలేరు, చింతపల్లి, అరకు వైపు ధింసా ఆట. కిందకి దిగితే చింతూరు వైపు కోయల కొమ్ము నాట్యం, రేలా పాటలు. చుట్టూ అడవి. జబ్బు చేస్తే పెద్దాస్పత్రి చేరడానికి కొండదారిలో గంటలు పడుతుంది. నేను చెప్పబోయేదంతా ఆ దూరాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

మొదట చేతులు పట్టుకోవడం సంగతి. 2020, 2021లో కరోనా రోజుల్లో ఒకరినొకరు తాకకుండా వుండమని మేమే చెప్పాం. అప్పుడది అవసరం. ఇప్పుడు ఆరుబయట ఒకరినొకరు పట్టుకుని ఆడితే కొంపలేమీ మునిగిపోవు. ఇంట్లో ఎవరికైనా గజ్జి వుంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి, లేకపోతే అది గూడెమంతా తిరుగుతుంది. జ్వరం, దగ్గు వున్నవాళ్ళు ఆ రాత్రికి కూర్చుని చూడాలి. గొలుసులో ఒకరు తప్పుకుంటే పక్కవాళ్ళు చేతులు కలుపుకుంటారు. ఆట ఆగదు.

చెప్పుల సంగతి. వుత్తికాళ్ళతో అడుగు వేసే ఆటకి బూట్లు తొడగమనడం నాకు ఇష్టం లేదు. పగటి వెలుగులోనే నేల వూడ్చి గాజుముక్కలు, ముళ్ళు, మేకులు ఏరితే చాలు. కానీ పేడనీళ్ళు చల్లిన నేలలో ధనుర్వాతం క్రిములు వుండవచ్చు. కాలు తెగితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగాలి. గాయానికి పేడ, బూడిద, సున్నం పెట్టకూడదు. లోతైన గాయమో, మట్టి పట్టిన గాయమో అయితే టి.డి. ఇంజక్షన్ అవసరమేమో ఆస్పత్రిలో అడగాలి.

ఇక శబ్దం. ఇక్కడ కాస్త ఆగుదాం.

ధింసాకి డప్పు, తుడుం, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు. ఆ శబ్దం తక్కువదేమీ కాదు. ముఖ్యంగా వాయించేవాడి చెవికి. కానీ తోలు వాద్యానికి ఒక గుణం వుంది. మంచు పడేకొద్దీ డప్పు తోలు వదులవుతుంది, మోత మందగిస్తుంది. అప్పుడు దాన్ని మంట దగ్గర కాచాలి. ఆ కాసేపూ ఆడేవాళ్ళు కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, తల్లులు పిల్లలకి పాలిస్తారు. చెవికీ, గుండెకీ, మోకాలికీ విశ్రాంతి. ఇది ఏ డాక్టరూ పెట్టిన నియమం కాదు. డీజే పెట్టెకి తోలు లేదు, వదులవదు. జనరేటరులో డీజిలు వున్నంతసేపూ మోగుతూనే వుంటుంది.

చెవి లెక్క చాలా కఠినమైనది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించవచ్చని వైద్యులు లెక్కగట్టారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే పావుగంటే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు వుంటాయి. చచ్చిన కణం మళ్ళీ మొలవదు. మర్నాడు చెవిలో గీమంటూ మోత వినిపిస్తే కణాలు దెబ్బ తిన్నాయన్నమాట. ఆ మోత తగ్గిపోయినంత మాత్రాన దెబ్బంతా మానిందనుకోకండి. మీటరు లేనివాళ్ళకి ఒక సులువైన పరీక్ష వుంది. చెయ్యి చాచినంత దూరంలో వున్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ శబ్దం హద్దు దాటినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పాటకచ్చేరీలు, నాట్యశాలల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. పావుగంట సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదనీ, చెవులు సేదదీర్చుకోవడానికి నిశ్శబ్దంగా వుండే చోటు వుండాలనీ అందులో వుంది. మన్యంలో నాలుగడుగులు వేస్తే ఆ చోటు అడవే ఇస్తుంది! ఆరుబయట పెట్టెకి రెండు గజాల దూరంలో వున్నవాడు నాలుగు గజాలకి జరిగితే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. చెవి నాలుగు రెట్ల సేపు తట్టుకుంటుంది. పసిపిల్లల్ని మాత్రం పెట్టెల దరిదాపులకి తీసుకురాకండి. పట్నంలో బరాత్ ముందు బండి మీద పెట్టెలు పేర్చి వెనకే నడిచే పాఠకులకి కూడా ఇదే లెక్క.

చట్టం ఏమంటోంది? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2010 సవరణతో వాద్యాలు కూడా అందులోకి వచ్చాయి. పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా, ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. అక్షరాలా చదివితే పెట్టెకీ తుడుముకీ తేడా లేదు. చట్టాన్ని మీరమని సర్కారు డాక్టరుగా నేను చెప్పలేను. అనుమతి అడగండి, పెట్టెలు ముందుగా కట్టెయ్యండి. చెవి మాత్రం ఆ రెండింటికీ తేడా ఎరుగును. పోనీ, నిబంధన మినహాయించిన మూసిన హాల్లో ఆడదామా? 2003లో అమెరికాలోని వెస్ట్ వార్విక్‌లో 100 మంది, 2013లో బ్రెజిల్‌లోని శాంటా మారియాలో 242 మంది అలాంటి హాళ్ళలోనే చనిపోయారు. వేదిక మీద కాల్చిన మందుసామాను నిప్పు గోడల, కప్పుల నురుగు పలకలకి అంటుకుంది. మీ గూడెం ఆట ఆకాశం కింద జరుగుతోంది, అదృష్టం. కానీ తడినేల, వుత్తి పాదాలు, చేతిలో మైకు, ఎర్తు లేని జనరేటరు, ఈ నాలుగూ ఒకచోట చేరితే ప్రాణం పోవచ్చు. తీగలు ఆడేవాళ్ళ కాళ్ళ కిందుగా పోకూడదు.

మీరు రాయనివాటిలో మొదటిది దోమ. కొండవాగుల్లో పుట్టే మలేరియా దోమ పొద్దుపోయాక కుడుతుంది. ఆడేవాళ్ళకంటే పక్కన నిద్రపోయే పసివాళ్ళకి ప్రమాదం ఎక్కువ. ఇంట్లో వున్న మందు దోమతెరని ఆటకి తెచ్చి, దాని కిందే పిల్లల్ని పడుకోబెట్టండి. నేల మీద కాకుండా మంచం మీద పడుకోబెడితే కట్లపాము భయం కూడా తగ్గుతుంది. ఆ తరవాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, "ఆడి అలిసిపోయాం, కల్లు పడలేదు" అనుకుని వూరుకోకండి. ఏజెన్సీలో జ్వరం అంటే, కాదని తేలేదాకా మలేరియాయే. ఆశా కార్యకర్త దగ్గర వేలిచుక్క రక్తంతో ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఫాల్సిపారం రకం అయితే ఒకటి రెండు రోజుల ఆలస్యంలోనే మెదడుకి ఎక్కవచ్చు.

రెండోది కొడవలి కణాల జబ్బు, సికిల్ సెల్. గిరిజనుల్లో ఇది ఎక్కువ. ఈ జబ్బు వున్నవాళ్ళ ఎర్రకణాలు వొంట్లో నీరు తగ్గినప్పుడు, చలి వేసినప్పుడు, బాగా అలిసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు కొడవలిలా వంగి సన్న నాళాల్లో అడ్డుపడతాయి. పుష్యమాసపు చలిలో చెమటలు పట్టేలా ఆడి, నీళ్ళకి బదులు కల్లో ఇప్పసారాయో తాగితే, పైవన్నీ ఒక్క రాత్రిలోనే కలుస్తాయి. కల్లు దాహం తీర్చదు, వొంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది. తెల్లారేసరికి ఎముకలు పిండేసే నొప్పి. దానికి వాతలు పెట్టడం, కాళ్ళు తొక్కించడం మహాపాపం. రొమ్ములో నొప్పి, ఆయాసం వుంటే దొరికిన బండెక్కి ఆస్పత్రికి రావాలి.

అలాగని ఆ పిల్లని ఆటకి దూరం పెట్టకండి. పొద్దున్నుంచీ నీళ్ళు తాగించండి. రెండు ఆటలు ఆడితే ఒక ఆట కూర్చోనివ్వండి, చెమట మీద దుప్పటి కప్పండి. సారా వద్దు. డాక్టరు రాసిన మాత్రలు పండగ రోజున కూడా మానకూడదు.

ఈ జబ్బుని 2047 నాటికి రూపుమాపాలని 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. రక్తపరీక్ష ఉచితం, ఫలితం రాసిన కార్డు ఇస్తారు. కార్డు మీద ఎస్.ఎస్. అంటే జబ్బు, ఎ.ఎస్. అంటే వాహకులు. వాహకులు మామూలుగా ఆరోగ్యంగానే వుంటారు, నీళ్ళు తాగుతూ హాయిగా ఆడుకోవచ్చు. కానీ వాహకుడికీ వాహకురాలికీ పెళ్ళయితే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం వుంది. పెళ్ళి ఆటకి డప్పు కాచేముందే, రెండు ఇళ్ళవాళ్ళూ ఆ కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చదవడం రాకపోతే ఆశా కార్యకర్తకి చూపించండి, ఆమె చెబుతుంది.