బోరుగుంత చుట్టూ జాతర

బిల్లీ వైల్డర్ 1951లో తీసిన ‘ఏస్ ఇన్ ది హోల్’ను చిత్తూరు జిల్లాలో కూర్చుని చూస్తే అమెరికా కథ అనిపించదు. న్యూ మెక్సికోలో పాత గుహ కూలి ఒక మనిషి లోపల ఇరుక్కుంటాడు. గోడలకు దన్నులు పెట్టుకుంటూ పోతే ఒక్కరోజులో బయటికి తేవచ్చు. కానీ అప్పుడు వార్త కూడా ఒక్కరోజుకే అయిపోతుంది. అందుకే చక్ టేటమ్ అనే విలేకరి షెరీఫ్‌ను తనవైపు తిప్పుకుని కొండ నెత్తిన డ్రిల్లింగ్ పెట్టిస్తాడు, దాదాపు వారం సాగదీస్తాడు. బయట రంగులరాట్నం దిగుతుంది. మొదట్లో ఊరికే పోనిచ్చిన చోటికి చివర్లో డాలరు టికెట్టు. లోపలి మనిషి తలమీద ఆ యంత్రం దడదడ వింటూనే చచ్చిపోతాడు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ చప్పుడే. మన పక్క దాన్ని వినని పల్లె లేదు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరుబండి రాత్రంతా మోగుతుంది. అరచేతిలో టెంకాయ పెట్టి నీటి జాడ చూసిన పాయింట్‌లో వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తుంది. కనీసం కేసింగ్ పైపన్నా దక్కనీ అని రైతు దాన్ని పీకి ఇంకో బోరుకు వాడుకుంటాడు. మిగిలిన ఆరున్నర అంగుళాల బొక్క మీద గోనెసంచి, సంచి మీద రాయి. రెండు వానలకు సంచి చివికిపోతుంది.

2006లో కురుక్షేత్ర దగ్గర ఐదేళ్ల పిల్లవాడు బోరులో పడితే దాదాపు 50 గంటలు దేశమంతా టీవీల ముందే కూర్చుంది. అదృష్టం, బతికాడు. ఆ తర్వాత తెలుగు నేల మీదా ఇలాంటి లైవ్‌లు చూశాం. కెమెరాలు ఉన్నందుకే యంత్రాంగం పరుగెత్తిందంటే కాదనను. కానీ బోరు పక్కన కూలబడ్డ తల్లి నోటి దగ్గర మైకు పెట్టడాన్ని మాత్రం క్షమించలేను.

వదిలేసిన బోర్లను పూడ్చాలని, మూతలు బిగించాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఎన్ని పూడ్చారో మండలం మండలం తిరిగి చూడటానికి లైవ్ వ్యాను అక్కర్లేదు, మోటారు సైకిలు చాలు. అలాంటి వార్తలు ఎవరు చదువుతారంటారా? పత్రికల్లో పనిచేసిన నామిని సుబ్రమణ్యం నాయుడే కదా రైతు కథగా ‘మునికన్నడి సేద్యం’ రాసింది! రైతు బతుకు చదివించదని ఎవరన్నారు?

మాది విలేకరులు లేని చిన్న పత్రిక. మీ ఊళ్లో నోరు తెరుచుకున్న బోరు ఎక్కడుందో, దానికెంత అప్పయిందో, కేసింగ్ ఎందుకు పీకాల్సొచ్చిందో రాసి పంపండి. వచ్చే సంచిక మొదటి పేజీలు వాటికే.