గుర్రుమనే వార్ధక్యం

పట్టణాలలోని మధ్యతరగతి గృహాలకు చిన్నజాతి కుక్క కొత్త కాదు. తెల్లని బొచ్చుతో, నక్కను పోలిన మూతితో కనిపించే పొమేరియన్ ఎన్నో ఇళ్లలో చిరపరిచితమైన ప్రాణి. 2003లో ఒక సెల్‌ఫోన్ సంస్థ ప్రకటనలో బాలుని వెంట నడిచిన పగ్ జాతి కుక్కకు కూడా అటువంటి ఆదరణే లభించింది. ఇంటికి తెచ్చిననాడు అది అరచేతిలో ఇమిడే కూన. ఇటువంటి కుక్కలు సాధారణంగా 12 నుండి 15 ఏళ్లు జీవిస్తాయి. ఈలోగా ఆ ఇంట మనుమలు పుడతారు, పాకుతారు, పరుగులు తీస్తారు. ఒకనాడు పసివాడు మీద పడి కౌగిలించుకోగానే, అన్నాళ్లూ ఎవరినీ ఏమీ అనని ఆ జీవి పళ్లు బయటపెట్టి గుర్రుమంటుంది. ముసలితనంలో దానికి పొగరెక్కిందని ఇంటిల్లిపాదీ తీర్పు చెబుతారు. ఆ తీర్పు సరైనది కాదు.

వార్ధక్యంలో కుక్కకు కొత్తగా కలిగేది పొగరు కాదు, చాలావరకు నొప్పి. చిన్నజాతులలో ఇరుకైన దవడపై పళ్లు కిక్కిరిసి ఉంటాయి. వాటి సందులలో పాచి పేరుకొని చిగుళ్లు వాస్తాయి, పళ్లు కదులుతాయి. అటువంటి మూతిని బిడ్డ ముద్దుగా నొక్కితే అది భరించలేదు. మోకాటిచిప్ప పక్కకు జారడం కూడా ఈ జాతులలో తరచుగా కనిపించే లోపమే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కీలు అరిగిపోతుంది. పైగా కంటిచూపు మసకబారి, చెవి మందగిస్తుంది. వెనుకనుండి పరుగెత్తుకొని వచ్చే బిడ్డ అడుగుల చప్పుడు దానికి వినిపించదు. నిద్రలో ఉన్న తాతగారిమీద ఎవరైనా హఠాత్తుగా పడితే ఆయన ఉలిక్కిపడి చేయి విసరవచ్చు. కుక్కకు చేయి లేదు, నోరే ఉంది. కొన్నింటికి మతి కూడా తప్పుతుంది. రాత్రివేళ అవి దిక్కుతోచక తిరుగుతాయి, తెలిసినవారినే గుర్తించక బెదురుతాయి.

వీటన్నిటికీ తోడు చిన్న శరీరం తెచ్చిపెట్టే చిక్కు ఒకటుంది. పెద్దకుక్క గుర్రుమంటే ఎవరైనా వెనుకకు తగ్గుతారు. మూడు నాలుగు కిలోల కుక్క గుర్రుమంటే నవ్వుతారు, మళ్లీ ఎత్తుకుంటారు. జీవితమంతా దాని అయిష్టాన్ని లెక్కచేసినవారు ఉండరు.

మొరిగే కుక్క కరవదని సామెత. పసిపిల్లలున్న ఇంట దానిని నమ్ముకోవడం ప్రమాదకరం. గుర్రుమనడం ఒక హెచ్చరిక. అంతకుముందే ఆ ప్రాణి ముఖం తిప్పుకుంటుంది, ఎదుట తిండి లేకున్నా పెదవులు నాకుతుంది, నిద్ర రాకున్నా ఆవులిస్తుంది, కట్టెవలె బిగుసుకుపోతుంది. ఇవేవీ పెద్దలు గమనించరు. తీరా గుర్రుమన్నప్పుడు చీపురు తిరగేస్తారు. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానవచ్చు. నొప్పి మాత్రం మానదు. అటుపై హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. పసివాని ముఖం దాని నోటికి అందే ఎత్తులోనే ఉంటుంది. ఇందులో తప్పు కుక్కదీ కాదు, బిడ్డదీ కాదు.

బిడ్డ క్షేమమే ముఖ్యం కనుక కుక్కను వదిలించుకోవాలని కొందరు వాదిస్తారు. బిడ్డ క్షేమమే ముఖ్యమన్న మాట నిర్వివాదం. కాని పదేళ్లు పెరుగన్నం తిని బతికిన ముసలిప్రాణిని ఊరిచివర విడిచిరావడం దానిని చంపడంతో సమానం. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథను పిల్లలకు చెప్పే ఇళ్లలోనే ఈ ఆలోచన పుట్టడం విచిత్రం.

చేయవలసినది అంత కష్టమేమీ కాదు. కోపం కనిపించిన తొలిరోజులలోనే పశువైద్యునికి చూపితే పుచ్చిన పన్ను తీయించవచ్చు, కీళ్లనొప్పికి మందు వాడవచ్చు. మనుషులు వాడే నొప్పిమాత్రలు మాత్రం ఇవ్వరాదు. అవి కుక్క ప్రాణానికే ముప్పు. మంచం కిందనో, గదిమూలనో దానికంటూ ఒక చోటుండాలి; బిడ్డ అక్కడికి వెళ్లకూడదు. చేతికందే దూరంలో పెద్దవారు లేకుండా పసివానిని, కుక్కను ఒకచోట వదలరాదు. అన్నీ చేసినా ఎప్పుడైనా పన్ను దిగితే, ఇంటికుక్కే కదా, టీకా వేయించాము కదా అని కారమో సున్నమో అద్ది ఊరుకోరాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడిగి, బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.