నల్లని చీలికలు

వేసవి అమావాస్య నాడు, అర్ధరాత్రి దాటిన పిమ్మట, పాల్వంచ దీపాలను వెనుక విడిచి భద్రాచలం అడవి దారిలో నిలిచి తల పైకెత్తితే పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తెల్లని పుంత నడుమ నల్లని చీలికలున్నాయి. అక్కడ తారలే లేవని చూసినవారు అనుకుంటారు. విలియం హెర్షెల్ వంటి మహా పరిశీలకుడు సైతం అటువంటి వాటిని ఆకాశంలోని రంధ్రాలుగా తలచాడు. నిజానికవి వెనుకనున్న కాంతిని అడ్డగించే వాయు ధూళి మేఘాలు.

ఆ మేఘాల ద్రవ్యరాశిలో ధూళి నూటికి ఒక వంతు మాత్రమే. తక్కినది వాయువు, అందులో అధికభాగం హైడ్రోజన్. అయినా ఆ ఒక్క వంతే కార్యసాధకం. ధూళి కణాల మీదనే హైడ్రోజన్ పరమాణువులు జతకూడి అణువులవుతాయి. అతినీలలోహిత కిరణాలు వాటిని ఛేదించకుండా ధూళియే కాపాడుతుంది. లోపలి ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 263 డిగ్రీల సెల్సియస్‌కు దిగజారుతుంది. అంత చల్లబడిన వాయువు గురుత్వాకర్షణను ఎదిరించలేక కుంచించుకుపోతుంది. కేంద్రం క్రమంగా వేడెక్కి, సుమారు కోటి డిగ్రీల వద్ద హైడ్రోజన్ హీలియంగా మారనారంభిస్తుంది. వెలుగు పుట్టడానికి ముందు ఇంత చలి, ఇంత చీకటి కావలసివచ్చింది!

ఈ కథతో మనకొక చుట్టరికం ఉంది. తండ్రి ఉద్యోగరీత్యా హైదరాబాదు నిజామియా వేధశాల నీడన పెరిగిన వైను బప్పు, నిజాం కళాశాలలో చదివి హార్వర్డుకు వెళ్ళాడు. 1949లో ఆయన కనుగొన్న తోకచుక్కకు బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. ఆ బాక్ ఎవరో కాదు. చిన్న గుండ్రని నల్లమేఘాలలో నక్షత్రాలు రూపుదిద్దుకుంటున్నాయని 1947లో ఎడిత్ రైలీతో కలిసి ప్రతిపాదించిన బార్ట్ బాక్. 1990లో పరారుణ పరిశీలనలు ఆ ఊహను బలపరిచేనాటికి ఆయన మరణించి ఏడేళ్ళయింది.

ఇంతటి పాఠం అడవి అంచున ఉచితంగా లభిస్తుండగా మనమే దానిని చెరిపివేసుకుంటున్నాము. దీపాలు వద్దని నా వాదన కాదు. పాముల భయమున్న దారిలో దీపం వెలగవలసిందే. కాని పైన మూత లేని దీపం నేలకు కొంత, నింగికి కొంత వెలుగు పంచుతుంది. నింగికి పోయేది ఎవరికీ దారి చూపదు. సింగరేణి కార్మికుడు చెమటోడ్చి తవ్విన బొగ్గు అందుకోసం కాలనేల? నగర విద్యార్థి పాలపుంతను పటంలోనే చూడవలసి వస్తున్నది. దుమ్ముగూడెం, చర్ల విద్యార్థులు వాకిట మంచం వాల్చుకొని చూడగలరు. వీధి దీపాలకు మూతలు బిగించమని వారు తమ పంచాయతీని నేడే అడగవచ్చు.