స్ప్రింగు కాళ్ళు కొనే ముందు

వేసవి సెలవుల్లో మీ అబ్బాయో అమ్మాయో ఫోన్లో చూసి “అమ్మా, జంపింగ్ స్టిల్ట్స్ కొనిపెట్టవా?” అని వెంటపడ్డారనుకోండి. కసిరేయకండి. అలాగని వెంటనే డబ్బు తీసి ఇచ్చేయకండి కూడా.

ఇవి కాలికి బిగించుకునే కర్రకాళ్ళ లాంటివి. వెనక విల్లులా వంగే ఫైబర్‌గ్లాస్ పట్టీ, కింద గిట్టలాంటి చిన్న రబ్బరు ముక్క ఉంటాయి. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బాక్ రూపొందించాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో వీటితో ఎగిరారు కూడా. మన ఆదిలాబాద్ గోండు పిల్లలు వానాకాలంలో వెదురు కర్రలెక్కి నడుస్తారు కదా, పడబోతే ఆ కర్రలు వదిలేసి కిందికి దూకేయొచ్చు. ఇవి అలా కాదు, కాలికే కట్టేసి ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు పడటం ఖాయం. అందుకే ఆ స్ప్రింగుల కంటే ముందు రక్షణ సామాను చూడాలంటాను.

పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఎదిగే పిల్లల ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తని భాగం ఉంటుంది. అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఎముక ఎదుగుదలే దెబ్బతినవచ్చు. కాబట్టి అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉన్న రిస్ట్ గార్డులే తీసుకోండి. ఉత్త గుడ్డ గ్లౌజులు చర్మం గీరుకోకుండా కాపాడతాయేమో గానీ ఎముకను కాపాడవు.

మోకాళ్ళకు, మోచేతులకు కూడా అంతే. వాలీబాల్ వాళ్ళు వేసుకునే మెత్తని ప్యాడ్లు గరుకు నేల మీద పట్టేస్తాయి. పైన నున్నటి ప్లాస్టిక్ చిప్ప ఉన్నదైతే జారుతుంది, దెబ్బ తీవ్రత తగ్గుతుంది. స్కేటింగ్ సామాను అమ్మే షాపుల్లో ఇవి దొరుకుతాయి. ప్యాకెట్ మీద ‘ఇ.ఎన్. 14120’ అని ఉందేమో చూడండి, స్కేటింగ్ ప్యాడ్లకు యూరప్‌లో పెట్టిన ప్రమాణం అది.

ఇక హెల్మెట్. “ఇంట్లో క్రికెట్ హెల్మెట్ ఉందిగా” అని మీ వారు అనొచ్చు. అది బంతి దెబ్బకు చేసినది, నేలకు తల కొట్టుకోవడానికి కాదు. ఆదివారాల్లో మన ఖాజాగూడ గుట్టల మీద బండలెక్కేవాళ్ళను చూసే ఉంటారు. కొండలెక్కేవాళ్ళ హెల్మెట్‌లో ముఖ్యంగా చూసేది పైనుంచి రాయి పడితే నడినెత్తి ఏమవుతుందన్నది. స్కూటర్ హెల్మెట్ గట్టిదే గానీ పిల్లల మెడకు బరువు, చెవులూ మూసేస్తుంది. వెనక తల కూడా కప్పే స్కేటింగ్ హెల్మెట్ మేలు, దాని ప్రమాణం ‘ఇ.ఎన్. 1078’. ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటే లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగిపోతుంది. పైకి గీత కూడా కనపడకపోవచ్చు. అయినా మార్చేయాల్సిందే.

స్కూలు యూనిఫారం ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనందరికీ ఉంది. ఇక్కడ మాత్రం అది పనికిరాదు. వదులు ప్యాడ్ పడగానే పిక్కకు జారిపోతుంది. జాకెట్ల టేపు తీసి కనుబొమల పైన తల చుట్టూ కొలిచి, ఆ సెంటీమీటర్లు షాపువాడికి చెప్పండి. పట్టీ బిగించాక గడ్డం కింద వేలు దూరాలి, తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. ఆడపిల్లలైతే క్లిప్పులు తీసేసి జడ కిందికి వేయండి. చున్నీ, వదులు పైజమా అసలే వద్దు. స్ప్రింగు కూడా పిల్లల బరువును బట్టే ఉంటుంది, అన్నకు కొన్నది తమ్ముడికి ఇవ్వకూడదు.

ప్యాడ్లను గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి నీడన ఆరేయండి. లేకపోతే ఆ చెమట వాసన బీరువా అంతా పడుతుంది! హెల్మెట్‌కు కిరోసిన్, థిన్నర్ తగలనీయకండి, ఎండలో కారు డిక్కీలో వదిలేయకండి.

ఎక్కడ ఆడాలన్నది మరో పేచీ. సెల్లారులో స్తంభాలు, ర్యాంపు, కార్లు. లాబీలో పాలిష్ గ్రానైటు, తడి ఉంటే రబ్బరు గిట్ట జర్రున జారుతుంది. గుట్టల మీద ఇసుక రాలే వాలు బండలు. ఖాజాగూడ మెయిన్ రోడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. చదునుగా, పొడిగా ఉన్న ఖాళీ బాస్కెట్‌బాల్ కోర్టు దొరికితే చాలు. మొదటి నాలుగు రోజులూ ఇద్దరు పెద్దవాళ్ళు చెరో పక్క చేయి పట్టుకోవాలి. స్టిల్ట్స్ తొడగకముందే మోకాళ్ళ మీద, ఆ తరవాత చేతుల మీద పడటం పరుపు మీద పదిసార్లు చేయించండి.

అన్నీ లెక్కేస్తే బడ్జెట్ దాటిందా? ఈ ఏడాదికి ప్యాడ్లూ హెల్మెట్టూ కొని స్కేటింగ్‌కు పంపండి. స్టిల్ట్స్ వచ్చే వేసవికి చూసుకోవచ్చు.