కారు ఖర్చు కోతకు విరుగుడు కిలోమీటర్ల చిట్టా

మార్కెట్ యార్డుల్లోని కమీషన్ ఏజెంట్ల ఆదాయపు పన్ను లెక్కల్లో తరచు పేచీకి దారితీసే పద్దు వాహనాల ఖర్చు. యార్డులో వేలం ముగిసినంత మాత్రాన వారి పని ముగియదు. సరుకు చూసేందుకు శీతల గిడ్డంగులకు, అడ్వాన్సుల వసూలుకు పల్లెలకు, బకాయిల కోసం కొనుగోలుదారుల ఊళ్లకు కారు తిరగవలసిందే. గుంటూరు మిర్చి వర్తకుడైనా, నిజామాబాదు పసుపు అడ్తీదారుడైనా పరిస్థితి ఒకటే. అయితే అదే కారు పెళ్లిళ్లకూ, తిరుపతికీ కూడా వెళుతుంది. పేచీ అక్కడ మొదలవుతుంది.

ఖర్చు పూర్తిగా వ్యాపారం నిమిత్తమే అయి ఉండాలని 1961 చట్టం 37వ సెక్షన్ నిర్దేశించింది. వాహనాన్ని సొంతానికి కూడా వాడితే మరమ్మతు, బీమా, తరుగుదలలో న్యాయమైన భాగాన్నే మినహాయించాలని 38వ సెక్షన్ చెప్పింది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేలా తెచ్చిన 2025 నాటి చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయే గాని ఈ సూత్రం మారలేదు. ఆ భాగం ఎంతో చట్టం చెప్పదు. వర్తకుడు ఆధారం చూపకపోతే అధికారి అంచనా వేస్తారు.

సొంత సరుకు అమ్ముకునే చిన్న వర్తకుడు, అర్హత ఉంటే, టర్నోవరుపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం ఆదాయంగా చూపి ఈ గొడవ తప్పించుకోవచ్చు. కమీషన్, బ్రోకరేజి ఆదాయానికి ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ఈ కోత దెబ్బ ఏజెంట్లకు, బ్రోకర్లకే ఎక్కువ.

దెబ్బ స్వల్పమైనది కాదు. 8 లక్షల రూపాయల కారుపై తొలి ఏడాది 15 శాతం చొప్పున తరుగుదల 1,20,000 రూపాయలు. పెట్రోలు, బీమా, మరమ్మతులు 1,80,000 అనుకుంటే మొత్తం 3 లక్షలు. సొంత వాడకం కింద మూడో వంతు కొట్టివేస్తే లక్ష రూపాయలు పోతుంది. 20,000 కిలోమీటర్లలో 17,000 వ్యాపారానికేనని చిట్టా రుజువు చేస్తే పోయేది 45,000 మాత్రమే. 55,000 తేడాపై 30 శాతం శ్లాబులో సెస్సుతో సహా పన్ను 17,160 రూపాయలు.

చిట్టాలో తేదీ, ఊరు, పని, మీటరు రీడింగు ఉంటే చాలు. అది రోజునామాతో సరిపోవాలి. మార్చి నెలాఖరున ఒకే కూర్చున్న కూర్చుడులో రాసిన చిట్టా ఎవరినీ నమ్మించలేదు.

మరికొన్ని మెలికలూ ఉన్నాయి. దీపావళికి కొన్న కారు మార్చి నాటికి 180 రోజులు నిండదు గనుక ఆ ఏడాది తరుగుదల సగమే. మరమ్మతుల షాపుకు ఒకే రోజు 10,000 రూపాయలకు మించి రొక్కం చెల్లిస్తే ఆ ఖర్చు మొత్తం పోతుంది. లారీ కిరాయికి మాత్రం ఈ పరిమితి 35,000. పోలీసు జరిమానాలు ఖర్చు కింద చెల్లవు.

ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. యజమాని ఇచ్చిన కారును ఉద్యోగి సొంతానికీ వాడుకుంటే, ఇంజను సైజును బట్టి నెలకు ఇంత అని నిబంధనలే లెక్క కడుతున్నాయి. ఉద్యోగికి సాధ్యమైనది వర్తకునికి ఎందుకు కాదు? అమెరికాలో 2025 సంవత్సరానికి వ్యాపార ప్రయాణంపై మైలుకు 70 సెంట్ల రేటు ప్రకటించారు. అది వద్దనుకున్నవారు అసలు ఖర్చు చూపవచ్చు. ఇక్కడ కూడా కిలోమీటరుకు ఒక రేటు నిర్ణయిస్తే బిల్లుల కట్టలు తగ్గుతాయి, అంచనాలకు తావుండదు. దుర్వినియోగం జరుగుతుందన్న వాదన నిలవదు. తనిఖీ చేయవలసినది ఒక్క కిలోమీటర్ల లెక్కే గనుక శాఖకూ పని సులువవుతుంది.

వర్తక సంఘాలు ఈ కోరికను బడ్జెటు ముందు వినతిపత్రాల్లో చేర్చడం అవసరం. రేటు వచ్చినా, రాకున్నా చిట్టా మాత్రం తప్పదు. బస్తా తూకం కాగితం లేకుండా ఒక్క సరుకూ కదలనివ్వని వర్తకుడు, కారు విషయంలోనూ ఆ జాగ్రత్తే పాటించడం మంచిది.